వెబ్‌సైటు పేరు ఎవరి పేరున ఉంది? చిన్న వ్యాపారం చేసే మనవాళ్లకు కొన్ని మాటలు

దసరాకు పది రోజుల ముందు మా వీధి చివరింటి కోడలు మా ఇంటికొచ్చింది. ఆమె, వాళ్ల అత్తగారు కలిసి చాలా ఏళ్లుగా అప్పడాలు, ఊరగాయలు చేసి అమ్ముతున్నారు. బరంపురం అప్పడం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఇటు భువనేశ్వర్‌కు, అటు విశాఖకు బయల్దేరిన చుట్టాల సంచిలో ఒక కట్ట పడాల్సిందే. నాలుగేళ్ల కిందట వాళ్లు వెబ్‌సైటు కూడా పెట్టుకున్నారు. హైదరాబాదులో, బెంగళూరులో స్థిరపడిన మనవాళ్లు అందులో చూసి ఆర్డర్లు ఇచ్చేవారు. దసరా, దీపావళి, సంక్రాంతి ఈ మూడు నెలలే వాళ్లకు అసలు సీజను.

"బాబాయిగారూ, మా దుకాణం పేరు కొడితే ఇంకెవరిదో వస్తోంది, ఒకసారి చూడండి" అంది. చూశాను. ఏవో ప్రకటనలతో నిండిన పేజీ. దాని కింద, ఈ పేరు అమ్మకానికి ఉంది అని ఒక వాక్యం.

ఆరా తీస్తే తేలింది ఇదీ. సైటు చేసిపెట్టింది మనవాళ్ల కుర్రాడే, అప్పట్లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. పేరు కొన్నది అతని ఖాతాలో, అతని కాలేజీ మెయిల్ ఇచ్చి. తరవాత ఉద్యోగం వచ్చి పుణె వెళ్లిపోయాడు. కాలేజీ మెయిల్ మూతపడింది. గడువు ముగుస్తోంది, డబ్బు కట్టండి అని కంపెనీ పంపిన హెచ్చరికలన్నీ ఆ మూతపడిన పెట్టెలోకే పోయాయి. అతని మనసులో దురుద్దేశం లేదు, ఫోన్ చేస్తే పాపం చాలా బాధపడ్డాడు. కానీ పేరు పోయింది పోయిందే.

ఆఫీసులో దస్త్రాల మధ్యే ఉద్యోగం చేసి రిటైరైన గుమస్తాను నేను. కంప్యూటరు విద్యలో పండితుణ్ణి కాను. అయితే ఈ వ్యవహారం నాకు కొత్తగా అనిపించలేదు. ఇల్లు మనదే, పన్ను మనమే కడుతున్నాం, దస్తావేజు మాత్రం ఇంకొకరి పేరున ఉంది అనే కేసులు ఎన్ని చూడలేదు!

వెబ్‌సైటు అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో మూడు వేర్వేరు సరుకులున్నాయి. డొమైన్ అంటే పేరు, చిరునామా. హోస్టింగ్ అంటే మన బొమ్మలు, ధరల పట్టిక ఉంచుకోవడానికి ఎవరో కంపెనీ కంప్యూటర్లో అద్దెకు తీసుకునే చోటు. మూడోది ఆ చోట్లో పెట్టే పేజీలు. అద్దె చోటు నచ్చకపోతే ఖాళీ చేసి ఇంకో చోటికి పోవచ్చు. పేజీలు చెడితే మళ్లీ చేయించుకోవచ్చు. పేరు పోతే మాత్రం డబ్బాల మీద, విజిటింగ్ కార్డుల మీద, ఖాతాదారుల ఫోన్లలో ఉన్నదంతా పోయినట్టే. ఏ కంపెనీ మంచిదని నన్ను అడిగేవాళ్లంతా హోస్టింగ్ గురించే అడుగుతారు. నేను ముందు పేరు గురించి అడుగుతాను.

పేరును మనం శాశ్వతంగా కొనుక్కోలేం. ఏడాదికో, కొన్నేళ్లకో కట్టి మన పేరున నమోదు చేయించుకుంటాం, ఒకేసారి పదేళ్లకు మించి కట్టనివ్వరు. డాట్ కామ్ లాంటి పేర్లకు నియమాలు పెట్టేది ఐకాన్ అనే అంతర్జాతీయ సంస్థ. మన దేశపు డాట్ ఇన్ పేర్లను చూసేది నిక్సీ, అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్‌ఛేంజ్ ఆఫ్ ఇండియా. వీళ్లు నేరుగా మనకు అమ్మరు. వీళ్ల దగ్గర గుర్తింపు పొందిన కంపెనీలు అమ్ముతాయి, వాటిని రిజిస్ట్రార్లు అంటారు. మీరు కొనేది గుర్తింపు ఉన్న రిజిస్ట్రార్ దగ్గరా, లేక అతని కింద అమ్మే ఇంకొకరి దగ్గరా అన్నది ముందే అడగండి. కింద అమ్మేవాళ్లందరూ మోసగాళ్లని కాదు. ఆ మధ్యవాడు కొట్టు కట్టేస్తే ఎవరిని పట్టుకోవాలో తెలిసి ఉండాలి కదా.

ఇక ఖాతా. సైటు ఎవరు చేసినా సరే, రిజిస్ట్రార్ దగ్గర ఖాతా మీ పేరున, మీ ఫోన్ నంబరుతో, మీ మెయిల్‌తో ఉండాలి. చేసే కుర్రాడిని పక్కన కూర్చోబెట్టుకుని మీ చేత్తోనే తెరవండి. అరగంట పని. పేరుదారు అనే గడిలో కుర్రాడి పేరు కాకుండా మీ పేరో మీ దుకాణం పేరో రాయించండి. డాట్ కామ్ లాంటి పేరు కొన్నాక, మీ మెయిల్ నిజమేనా అని అడుగుతూ ఒక ఉత్తరం వస్తుంది. పదిహేను రోజుల్లో అందులోని లింకు నొక్కకపోతే పేరును ఆపేస్తారు. కొత్త సైటు రెండు వారాలకే మాయమైపోయిందని కంగారుపడే కేసుల్లో కొన్ని ఇలాంటివే. ఇంకో మాట, ఆ మెయిల్ మీ సొంత సైటు పేరుతో ఉన్నది కాకూడదు. పేరు ఆగిపోయిన రోజున ఆ మెయిలూ ఆగిపోతుంది, హెచ్చరిక ఎక్కడికొస్తుంది?

ఇప్పటికే సైటు ఉన్నవాళ్లు ఈ రోజే ఒక పని చేయండి. ఐకాన్ వాళ్ల లుకప్ పేజీలో మీ సైటు పేరు కొట్టి చూడండి. ఏ రిజిస్ట్రార్ దగ్గర ఉందో, గడువు ఏ తేదీకి ముగుస్తుందో కనిపిస్తుంది. పేరుదారు వివరాలు చాలాసార్లు దాచి ఉంచుతారు, అవి తెలియాలంటే ఖాతాలోకి వెళ్లి చూడాలి. ఆ ఖాతా పాస్‌వర్డు మీ దగ్గర లేకపోతే, ఉన్నవాడితో స్నేహంగా ఉన్నప్పుడే అడిగి తీసుకోండి.

ఊరందరికీ చెప్పే నేను మా సంఘం సంగతి దాచడం న్యాయం కాదు. సంఘం సైటు ఖాతా ఒక పాత కార్యవర్గ సభ్యుడి మెయిల్ మీద ఉండేది. ఆయన కాలం చేశాక ఏడాది పాటు మాకెవరికీ ఆ ఊహే రాలేదు. పాస్‌వర్డు కోసం వాళ్ల అబ్బాయి తండ్రిగారి పాత ఫోన్ ఛార్జింగ్ పెట్టి వెతికాడు. అదృష్టం బాగుండి దొరికింది. అప్పటి నుంచి ఒక నోటుబుక్కులో రిజిస్ట్రార్ పేరు, గడువు తేదీ, ఏ మెయిల్, ఏ ఫోన్ అన్నది రాసి బీరువాలో పెట్టాం. కార్యవర్గం మారినప్పుడు లెక్కల పుస్తకంతో పాటు అదీ అప్పజెబుతాం.

గడువు దాటితే ఏమవుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అప్పడాలమ్మాయి నష్టపోయింది ఇక్కడే. డాట్ కామ్ అయితే గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి రిజిస్ట్రార్ హెచ్చరించాలని ఐకాన్ నియమం. గడువు దాటిన అయిదు రోజుల్లోపు మరొకటి పంపాలి. ఆ తరవాత కంపెనీని బట్టి 45 రోజుల వరకూ మామూలు ధరకు కట్టి నిలబెట్టుకునే అవకాశం ఇస్తారు. చాలామంది అంతకన్నా తక్కువే ఇస్తారు, ఈలోపు పేరును వేలానికి పెట్టే కంపెనీలూ ఉన్నాయి. వేలంలో పోకపోతే 30 రోజుల విడుదల గడువు ఉంటుంది, అందులో దక్కించుకోవాలంటే మామూలు ధరకు ఎన్నో రెట్లు కట్టాలి. అదీ దాటితే అయిదు రోజుల తరవాత పేరు బజారున పడుతుంది, ముందు అడిగినవాడిదే. గడువు ముగిసిన పేర్ల కోసం కాచుకుని కూర్చునే వ్యాపారులు ఉన్నారు.

కార్డు ఇచ్చాం, దానంతటదే కట్టుకుంటుంది అని ధీమాగా ఉండొద్దు. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం, మనం ముందుగా బ్యాంకుకు అనుమతి నమోదు చేస్తే తప్ప కార్డు నుంచి ఇలాంటి పద్దులు తమంతట తాము తెగవు. విదేశీ కంపెనీల దగ్గర ఇది తరచూ ఫెయిలవుతుంది. పైగా కార్డు మారితే అంతే సంగతి. నా సలహా, పేరుకు మూడేళ్లో అయిదేళ్లో ఒకేసారి కట్టేసి, గడువు తేదీని ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టుకోవడం.

ధర విషయంలో గుమస్తా కళ్లద్దాలు పెట్టుకోండి. మొదటి ఏడాది 99 రూపాయలే అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. రెండో ఏడాది నుంచి ఎంత అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. మనం బతకబోయేది ఆ చిన్న అక్షరాలతోనే. దానికి 18 శాతం జీఎస్టీ కలపండి. రెండు కంపెనీలను పోల్చేటప్పుడు అయిదేళ్ల మొత్తం కాగితం మీద వేసుకుని చూస్తే, చవక అనుకున్నది ఖరీదై కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను. కొనేటప్పుడు బండిలో వాళ్లే వేసే అదనపు సరుకులూ చూసి తీసేయండి. బ్రౌజర్లో తాళం బొమ్మ కోసం కావలసిన ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్టుకు వేలు అడిగేవాళ్లున్నారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దాన్ని ఉచితంగానే ఇస్తుంది, మంచి హోస్టింగ్ కంపెనీలు దాన్ని వాళ్లే అమర్చిపెడతాయి. మన అప్పడాల దుకాణానికి అది చాలు.

డాట్ కామ్ తీసుకోవాలా, డాట్ ఇన్ తీసుకోవాలా? ఖాతాదారులు దేశంలోనే ఉంటే డాట్ ఇన్ బాగానే ఉంటుంది, రెండూ దొరికితే రెండూ తీసుకోండి. మన ఇంటి పేర్లతో అసలు చిక్కు స్పెల్లింగు. అప్పడానికి ఇంగ్లీషులో ఒక పి రాస్తారా, రెండా? ఫోనులో ఒకసారి చెబితే అవతలివాళ్లు తప్పు లేకుండా కొట్టగలగాలి, అదే పరీక్ష. తెలుగు లిపిలోనే డాట్ భారత్‌తో ముగిసే పేర్లూ ఉన్నాయి, నిక్సీ వాళ్లవే. చూడటానికి కడుపు నిండుతుంది. కానీ మన పిల్లల్లో తెలుగు మాట్లాడేవాళ్లున్నంతమంది తెలుగు చదివేవాళ్లు లేరు, ఆ బాధ ఇంకోసారి రాస్తాను. రెండో పేరుగా తీసుకోండి, ఒక్కటే పేరుగా వద్దు.

హోస్టింగ్ గురించి ఎక్కువ చెప్పను. పది పేజీలు, నలభై ఫొటోలు ఉన్న దుకాణానికి షేర్డ్ హోస్టింగ్ అనే సాదా రకం సరిపోతుంది. అపరిమితం అని రాసినా ఫైళ్ల సంఖ్యకో, మెషీను వాడకానికో లోపల హద్దు ఉంటుంది. ఖాతాదారులు మన దేశంలో ఉంటే ముంబై లాంటి చోట సర్వర్లున్న కంపెనీ అయితే పేజీ తొందరగా తెరుచుకుంటుంది. కొనకముందే ఒక శనివారం రాత్రి వాళ్ల సహాయ నంబరుకు ఫోన్ చేసి, నేను వెళ్లిపోవాలనుకుంటే నా ఫైళ్లన్నీ ఎలా ఇస్తారు అని అడగండి. వాళ్లు ఎంతసేపటికి ఎత్తారు, ఏం చెప్పారు అన్నదాన్ని బట్టి సగం తెలిసిపోతుంది. వాళ్లు బ్యాకప్ తీస్తామన్నా నెలకోసారి మీ పెన్‌డ్రైవులో ఒక కాపీ ఉంచుకోండి.

పేరునూ హోస్టింగునూ వేర్వేరు కంపెనీల్లో ఉంచడం నాకిష్టం. ఒకచోట తగువొస్తే రెండూ ఇరుక్కోవు. ఒకేచోట ఉంటే బిల్లు ఒకటే అనే సుఖం ఉందని మా అల్లుడు వాదిస్తాడు, అదీ కాదనలేను. పేరును ఒక రిజిస్ట్రార్ నుంచి ఇంకొకరికి మార్చుకునే హక్కు మనకుంది. అన్‌లాక్ చేయించి, ఆథ్ కోడ్ అనే రహస్య సంఖ్య అడిగి తీసుకోవాలి. డాట్ కామ్ లాంటివైతే కొన్న 60 రోజుల లోపు మాత్రం మార్చడం కుదరదు.

పేజీలు తెలుగులో పెట్టేవాళ్లు యూనికోడ్‌లో టైపు చేయించండి. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైలు అలాగే ఎక్కిస్తే పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. మా ఊళ్లో అయితే పక్కన ఒడియా పేజీ కూడా ఉండాలి, కొనేవాళ్లలో సగం మంది వాళ్లే.

అసలు వెబ్‌సైటు అవసరమా అని కూడా అడగొచ్చు. వీధిలోనే సరుకంతా అమ్ముడయ్యే దుకాణానికి వాట్సాప్ బిజినెస్, గూగుల్ మ్యాపులో పేరు ఉంటే చాలు, రెండూ ఉచితమే. అలాంటివాళ్లకు కూడా పేరు మాత్రం కొని పెట్టుకోమంటాను. దాన్ని వాట్సాప్ నంబరుకు మళ్లించుకోవచ్చు, రేపు సైటు కావాలంటే చిరునామా సిద్ధంగా ఉంటుంది.

మా వీధి కోడలి సంగతికొస్తే, పేరు పట్టుకున్నవాడు అడిగిన మొత్తం ఆమె ఆరు నెలల లాభం. ఫిర్యాదు చేసే దారులున్నాయి. డాట్ కామ్‌కు యూడీఆర్‌పీ అనే విధానం, డాట్ ఇన్‌కు ఐఎన్‌డీఆర్‌పీ. ఆమెది డాట్ కామ్. వైపో అనే సంస్థ దగ్గర ఒక్క సభ్యుడితో విచారణకే 1500 డాలర్లు, పైగా ఆ పేరు మీద మనకు ట్రేడ్‌మార్కు హక్కు ఉందని చూపాలి. ఆమెకు ట్రేడ్‌మార్కు లేదు. చిన్న వ్యాపారులకు ఆన్‌లైన్లో దరఖాస్తు రుసుము ఒక తరగతికి 4500 రూపాయలే, ఇప్పుడు వేసింది. కొత్త పేరు డాట్ ఇన్‌లో, ఆమె పేరునే, అయిదేళ్లకు కట్టించాను. ఇంట్లో పాత చిరునామాతో అచ్చువేసిన లేబుళ్లు రెండు వేలు మిగిలాయి. దసరా ముందు మూడు రాత్రులు ఆమె, అత్తగారు, మా ఆవిడ, నేను కూర్చుని వాటి మీద కొత్త చిరునామా చీటీలు అంటించాం.