తండ్రి మేత – పిండంలో జన్యువుల పనితీరు

గుడివాడ, మచిలీపట్నం, దివిసీమ ప్రాంతాల్లో చూడి గేదె మేపుపై చూపే శ్రద్ధ విత్తనపు దున్నపోతు విషయంలో అంతగా కనిపించదు. దున్న అందించేది జన్యువులేనని, అవి మేతతో మారవని సాధారణ భావన. జన్యువుల వరుస మారదన్నది నిజమే. అయితే అవి ఎంత చురుకుగా పనిచేయాలో తండ్రి ఆహారం కూడా ప్రభావితం చేస్తుందని చిట్టెలుకలపై జరిగిన పరిశోధనలు తెలుపుతున్నాయి.

అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో ఆలివర్ రాండో బృందం మగ చిట్టెలుకలకు 20 శాతానికి బదులు 11 శాతం మాంసకృత్తులు గల ఆహారం ఇచ్చింది. తల్లులకు మామూలు ఆహారమే. 2010లో వెలువడిన ఫలితాల ప్రకారం, పిల్లల కాలేయంలో కొవ్వులు, కొలెస్టరాల్ తయారీకి తోడ్పడే జన్యువులు ఎక్కువ చురుకుగా పనిచేశాయి.

ఇందుకు ఒక మార్గాన్ని 2016లో అదే బృందం చూపింది. వృషణాల్లో పుట్టిన వీర్యకణాలు ఎపిడిడిమిస్ అనే నాళంలో పరిపక్వమవుతూ, అక్కడ తయారయ్యే బదిలీ ఆర్‌ఎన్‌ఏ ముక్కలను గ్రహిస్తాయి. తండ్రికి మాంసకృత్తులు తగ్గినప్పుడు గ్లైసిన్‌కు చెందిన ముక్కల పాలు పెరిగింది. ఈ ముక్కలు తొలిదశ పిండంలో కొన్ని జన్యువులను అణచి ఉంచుతాయి.

చిట్టెలుకల ఫలితాలను గేదెలకు యథాతథంగా అన్వయించరాదు. గన్నవరంలోని ఎన్‌టిఆర్ పశువైద్య కళాశాల వంటి సంస్థలు పరిశీలించదగిన అంశమిది. అయినా డెల్టాలో ప్రధాన మేత అయిన వరిగడ్డిలో మాంసకృత్తులు 3–4 శాతానికి మించవు. వరి కోతకు కొద్ది రోజుల ముందు చేలో చల్లే పిల్లిపెసర, జనుము ఈ లోటును తీర్చేవి. కోత యంత్రాల చక్రాల కింద మొలకలు నలగడం, వరి మాగాణుల్లో మొక్కజొన్న రావడం వల్ల ఈ అలవాటు తగ్గింది.

యంత్రంతో కోసిన చేలలో తేమ ఆరకముందే పిల్లిపెసర విత్తుకోవచ్చు. వీర్యకణం తయారై పరిపక్వం కావడానికి సుమారు 2 నెలలు పడుతుంది. కనుక దాటించే కాలానికి 2–3 నెలల ముందు నుంచే విత్తనపు దున్నకు వరిగడ్డితో పాటు పిల్లిపెసర, తవుడు, తెలగపిండి అందించాలి. దీనివల్ల దున్న ఆరోగ్యం నిలుస్తుంది. పిల్లిపెసర వేరుబుడిపెల ద్వారా నేలకు నత్రజనీ చేరుతుంది. దూడకు కూడా మేలు కలిగితే అది రైతుకు అదనపు లాభమే.