పాత గేమే బాగుందని ఎందుకంటారు?

మీ పిల్లలు ఆ మాటంటే మారాం అనుకోకండి. 2020 సెప్టెంబర్‌లో మన దేశంలో పబ్జీ మొబైల్‌ను నిషేధించారు. 2021 జులైలో దాదాపు అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది. అసలు సీక్వెల్ 'పబ్జీ న్యూ స్టేట్' నవంబర్‌లో వచ్చింది. కథ 2051లో జరుగుతుంది. డ్రోన్లున్నాయి, గ్రాఫిక్స్ కూడా మెరుగే. అయినా చాలామంది బీజీఎంఐని వదల్లేదు.

ఎందుకంటే, పాత ఎరాంగెల్ మ్యాప్‌లో పోచింకి ఊరికి ఏ దారిన పోవాలో, ఏ గోడ వెనక దాక్కోవాలో వాళ్లకు కంఠతా వచ్చు. సీక్వెల్‌లోని ట్రాయ్ మ్యాప్‌లో ఆ నేర్పు పనికిరాదు. మన టవర్ క్లాక్ చుట్టూ సందులన్నీ తెలిసిన మనిషిని ముక్కూమొహం తెలియని ఊళ్లో దింపినట్టన్నమాట. పైగా స్నేహితులంతా పాతదాంట్లోనే ఉంటారు!

మా తొమ్మిదో తరగతి వాళ్లను ఎరాంగెల్ గురించి ఇంగ్లీషులో రాయమన్నాను. ఎప్పుడూ అర పేజీ దాటనివాళ్లు ఎక్స్‌ట్రా షీట్లు అడిగారు.