ఆరుద్ర పురుగు: పేరు, రూపం, జాతి నిర్ణయం

1. ఉపోద్ఘాతం

తెలుగు రైతు వ్యవసాయ కాలాన్ని కార్తెలతో లెక్కిస్తాడు. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె ప్రవేశిస్తుంది. నేల తడవగానే ఎర్రని మఖమలు ముక్క వంటి చిన్న జీవి మట్టిలోనుంచి పైకి వస్తుంది. అదే ఆరుద్ర పురుగు. 'తడిసినది' అనే అర్థమున్న 'ఆర్ద్ర' శబ్దమే తెలుగులో 'ఆరుద్ర' అయింది. సంస్కృతంలో దీనిని ఇంద్రగోపమంటారు. లలితా సహస్రనామంలోని ఒక నామంలోనూ ఈ పదం ఉంది. ఆర్మూర్ ప్రాంతంలోని దొంకేశ్వర్ వంటి ఊళ్లలో పసుపు కొమ్ము నాటే పనులు సాగేది కూడా ఈ తొలకరి వానల్లోనే. అయితే ఈ పేరు జీవి కనిపించే కాలాన్ని చెబుతుంది గాని, దాని జాతిని చెప్పదు. జాతిని నిర్ణయించే శారీరక లక్షణాలను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. పురుగు – కీటకం

వాడుకలో పురుగే అయినా శాస్త్రరీత్యా ఇది కీటకం కాదు. కీటకానికి తల, వక్షం, ఉదరం అనే మూడు భాగాలు, ఆరు కాళ్లు, స్పర్శశృంగాలు ఉంటాయి. ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్లు, స్పర్శశృంగాలు లేవు, శరీరం ఒకే సంచిలా కనిపిస్తుంది. కనుక ఇది సాలీడు, తేలు చేరే అరాక్నిడా తరగతికి చెందిన నల్లి. అయితే గుడ్డునుంచి వెలువడిన పిల్లకు ఆరు కాళ్లే ఉంటాయి. అది మిడత వంటి కీటకాలను అంటిపెట్టుకొని వాటి శరీర ద్రవాన్ని పీలుస్తుంది. తరువాతి దశలో ఎనిమిది కాళ్లతో స్వతంత్రంగా జీవిస్తుంది.

3. జాతిని నిర్ణయించే లక్షణాలు

భారతదేశపు ఆరుద్ర పురుగును సాధారణంగా ట్రాంబిడియం గ్రాండిస్సిమమ్ అని వ్యవహరిస్తారు. కాని ఒకే తెలుగు పేరు కింద ఒకటికి మించిన జాతులు ఉండవచ్చు. రంగు నమ్మదగిన గుర్తు కాదు. ఆల్కహాలులో భద్రపరచిన నమూనా ఎరుపును కోల్పోతుంది. అందుచేత పరిశోధకులు సూక్ష్మదర్శినితో ఈ అంశాలను పరిశీలిస్తారు:

అ) వీపుపై రోమాల పొడవు, కొన ఆకారం, వాటి పక్కశాఖలు.
ఆ) శరీరపు ముందుభాగంలో సన్నని కడ్డీలా ఉండే 'క్రిస్టా', దానిపైని జంట జ్ఞానరోమాల స్థానం.
ఇ) కళ్ల సంఖ్య, అవి కాడపై ఉన్నాయా లేదా అన్నది.
ఈ) నోటి పక్కనుండే పెడిపాల్పుల గోళ్లు, మొదటి జత కాళ్ల చివరి ఖండపు పొడవు వెడల్పుల నిష్పత్తి.

పిల్ల దశలో వీపు పలకల ఆకారం, రోమాల సంఖ్య ప్రధానం. పిల్లకూ పెద్దకూ పోలిక ఉండదు కనుక ఒకే జాతికి రెండు పేర్లు ఏర్పడే ప్రమాదముంది. ఆడజీవి పెట్టిన గుడ్లను పొదిగించి చూడటమే దీనికి నమ్మకమైన పరిష్కారం.

4. గుర్తింపు ప్రయోజనం

ఆకుల అడుగున చేరి రసం పీల్చే ఎర్రనల్లి కూడా ఎర్రగానే ఉంటుంది. కాని అది సుమారు అర మిల్లీమీటరు మాత్రమే; ఆకుపై సన్నని గూడు అల్లుతుంది. సుమారు సెంటీమీటరు ఉండే ఆరుద్ర పురుగు నేలమీద తిరుగుతూ చిన్న కీటకాలను, వాటి గుడ్లను తింటుంది. రంగును మాత్రమే చూసి రెండింటినీ ఒకటిగా భావించి మందు చల్లితే రైతుకు మేలు చేసే జీవి నశిస్తుంది.

5. ముగింపు

నాటువైద్యంలో వాడే నూనె కోసం ఆరుద్ర పురుగులను ఏరి అమ్మడం మధ్య భారతంలో ఉన్నది. వీటిలో ఏ జాతి తగ్గుతున్నదో తెలియాలంటే ముందుగా జాతులను వేరు చేయగలగాలి. ఎప్పుడు, ఎలాంటి నేలలో వెతకాలో రైతుల వాడుక పేరు సూచిస్తుంది. దొరికినది ఏ జాతిదో రోమాలు, కళ్లు, కాళ్లు నిర్ణయిస్తాయి. కనుక జాతుల వివరాలతోపాటు ప్రాంతీయ నామాలను కూడా నమోదు చేయడం అవసరం.