ఫైరింజనుకు ఊరి నీరు అందునా?

పల్లెలో అగ్నిప్రమాదము జరిగిన మరునాడు తరచుగా వినబడు ఆరోపణ ఒకటి కలదు: "ఫైరింజను వచ్చినది గాని, అందులో నీరు లేదు." ఈ మాటను మేమును పలుమార్లు వినియున్నాము. నిదానముగా విచారించినచో అనేక సందర్భములలో జరిగినది వేరుగా నుండును. ఇంజను నిండుగానే వచ్చినది. వచ్చిన కొద్ది నిమిషములలోనే అందులోని నీరు అయిపోయినది. ఆపైన నీటికొరకు అది ఎటో వెళ్ళినది. తిరిగి వచ్చునప్పటికి రెండవ ఇంటి కప్పు కూడ కూలిపోయినది. చూచినవారి మనసులో నిలిచినది ఖాళీ బండి మాత్రమే.

లెక్క చూచినచో ఇందులో ఆశ్చర్యము లేదు. పెద్ద అగ్నిమాపక శకటము సాధారణముగా 4,500 లీటర్ల నీటిని మోసికొని వచ్చును. ఒక గొట్టముతో నిమిషమునకు 450 లీటర్ల చొప్పున చిమ్మినచో ఆ నీరు 10 నిమిషములు వచ్చును. రెండు గొట్టములు పట్టినచో 5 నిమిషములే. ఇరుకు దారులలో తిరుగుటకు వీలైన చిన్న శకటములలో నీరు ఇంకను తక్కువ. వరుసగా నున్న పూరిండ్లకు, పెద్ద గడ్డివాములకు నిప్పంటినపుడు ఈ నీరు ఏ మూలకును చాలదు. కనుక ఇంజను ఎంత త్వరగా వచ్చినదను ప్రశ్నకు వెంటనే రెండవ ప్రశ్న రావలెను. వచ్చిన ఇంజను మరల ఎక్కడ నిండును?

సికింద్రాబాదునకు ఉత్తరముననున్న తిరుమలగిరిని ఉదాహరణగా తీసికొందము. 1857 తిరుగుబాటు తరువాతి సంవత్సరములలో బ్రిటిషు సైన్యము ఇక్కడ కందకముతో, రాతిగోడతో కోటవంటి దండు స్థావరమును నిర్మించుకొనినది. నేడిది కంటోన్మెంటు ప్రాంతము. వీధులలో మంచినీటి గొట్టములు కలవు. జంటనగరములలో జలమండలి ట్యాంకర్లు నింపుకొను కేంద్రములు కలవు. ఒక ఇంజను ఖాళీయైనచో మరియొకటి పిలిచిన దూరములోనే యుండును. రోడ్డు ప్రక్కన నిలిచి, ఒత్తిడితో నీరిచ్చు హైడ్రెంటు నగరములలో సైతము అన్నిచోట్ల పనిచేయుచున్నదని మేము చెప్పజాలము. అయినను నగరవాసికి ఒకటి కాకున్న మరియొక దారి కలదు. తిరుమలగిరి నుండి రాజీవ్ రహదారి వెంట అల్వాల్, బొల్లారము, హకీంపేట, తూంకుంట మీదుగా శామీర్‌పేట దాటి, లోపలి గ్రామములకు మళ్ళినచో ఈ వసతులు ఒక్కొక్కటే వెనుకబడిపోవును. అచ్చట నీరు చెరువులోనో, బావిలోనో, బోరులోనో, ఎత్తైన ట్యాంకులోనో యుండును. మనుష్యునికి ఆ నాలుగును నీరే. ఇంజనుకు మాత్రము నాలుగును ఒకటి కావు.

మొదట బావి సంగతి. మంటకు ఇరువది గజముల దూరములో నీరున్న బావి కలదు, ఇంజను ప్రక్కనే నిలిచినది, అయినను చుక్క నీరు పైకి రాలేదు. ఇట్లెందుకగునో తెలిసికొనుట అవసరము. పంపు నీటిని త్రాడుతో లాగినట్లు లాగదు. అది గొట్టములోని గాలిని మాత్రము తీసివేయును. అపుడు బయటనున్న వాతావరణపు బరువు నీటిని గొట్టములోనికి నెట్టును. ఆ బరువు నెట్టగల ఎత్తునకు హద్దు కలదు. సముద్రమట్టమున ఆ హద్దు దాదాపు 10 మీటర్లు. తిరుమలగిరి వంటి దక్కను పీఠభూమి ప్రదేశములు సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైబడి యున్నందున ఇక్కడ గాలి బరువు కొంత తగ్గి, హద్దు 10 మీటర్లకు లోపలనే యుండును. గొట్టములోని రాపిడి, అతుకులలోని సన్నని గాలి సందులు, ఎండకు వేడెక్కిన నీరు మరికొంత తినివేయును. ఆచరణలో 6, 7 మీటర్లకు మించి పీల్చుకొనవచ్చునని నమ్ముకొనరాదు. బావిలో నీరు 12 మీటర్ల దిగువన నున్నచో ఎంత బలమైన ఇంజనైనను గట్టుపై నిలిచి దానిని తీయజాలదు.

ఈ సంగతి మన రైతులకు క్రొత్త కాదు. మోటబావులకు కరెంటు మోటార్లు వచ్చిన కాలములో, నీరు దిగిపోయిన కొలది బావి లోపల అరుగు కట్టి మోటారును క్రిందికి దించుకొనినవారు వారే. అదే సూత్రము ఇక్కడను పనికివచ్చును. పీల్చుటకు హద్దు కలదు గాని నెట్టుటకు అట్టి హద్దు లేదు. పంపు నీటి దగ్గరకు పోయినచో అక్కడనుండి 20 మీటర్లు పైకి నెట్టుట కష్టము కాదు. అగ్నిమాపక దళమువద్ద మనుష్యులు మోసికొని పోదగిన చిన్న పంపులు కలవు. ఊరిలో రైతులవద్ద డీజిలు ఇంజనులు కూడ నుండవచ్చును. మంట లేచిన వేళ ఆ డీజిలు ఇంజను ఎవరి పొలములో నున్నది, దానిని తెచ్చువారెవరు, పీల్చు గొట్టము చివరి వాల్వు సరిగా నున్నదా అనునవి ముందే తెలిసియున్నచో ఆ ఊరికి సగము హైడ్రెంటు వచ్చినట్లే.

తరువాత చెరువు. తెలంగాణమున నీటికొరకు మొదట చూడవలసినది చెరువు వైపే. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ క్రింద పలు చెరువులలో పూడిక తీయబడినది. అయితే అగ్నిమాపకమునకు చెరువు ఎంత పెద్దదన్నది ముఖ్యము కాదు. వేసవిలో, నీరు అట్టడుగునకు పోయిన రోజులలో, బండి నిలుచు చోటునకును నీటికిని మధ్య ఎంత ఎత్తు, ఎంత దూరము అన్నదే ముఖ్యము. గుడిసెలు కాలునది మార్చి నుండి మే వరకు. చెరువులు ఎండునది కూడ అప్పుడే. కార్తీకమాసమున అలుగు పారుచుండగా చూచి నిర్ణయించిన చోటు చైత్రమాసమున బురద మైదానమగును. సాధారణముగా కడపటి నీరు నిలుచునది కట్టప్రక్కన, తూము దగ్గర. బండి పోవలసినది అచ్చటికే. నిండిన శకటములో నీటి బరువే 4 టన్నులన్నర. బండి బరువు దానికి అదనము. మెత్తని శిఖములోనికి దిగినచో చక్రములు దిగబడి, మంటను ఆర్పవలసిన బండిని లాగుటకు మరొక బండి కావలసివచ్చును. కావున మొరము పోసి గట్టిపరచిన దారి, ఆ దారి చివర బండి మళ్ళుటకు చోటు అవసరము.

జపాను దేశమువారు దీనిని నియమముగానే వ్రాసికొనిరి. అచ్చట అగ్నిమాపకమునకు లెక్కింపబడు నీటివనరులో కనీసము 40 ఘనమీటర్ల నీరు నిలువ యుండవలెను, లేదా నిమిషమునకు ఒక ఘనమీటరు చొప్పున 40 నిమిషములు ఎడతెగక రావలెను. నేలమట్టమునుండి నీటికి 4.5 మీటర్లకు మించిన లోతు ఉండరాదు. నీరు కనీసము అర మీటరు లోతుండవలెను. పంపుబండి సులభముగా చేరవలెను. ఈ కొలతలు తప్పినచో, ఎంత నీరున్నను లెక్కకు రాదు. మన చెరువులను, బావులను ఒక్కసారి ఈ కొలబద్దతో చూచినచో ఏది నిజముగా అగ్నిమాపక జలమో, ఏది కంటికి మాత్రమే జలమో తేలిపోవును.

అమెరికా పల్లెలలో మరొక పద్ధతి కలదు. కుంటలోని నీటినుండి రోడ్డు ప్రక్కవరకు నేలలో ఒక గొట్టమును శాశ్వతముగా వేసియుంచెదరు. నీటిలోని చివర జల్లెడ, రోడ్డు వైపు చివర ఇంజను గొట్టము బిగించు మూతి. అందులో ఒత్తిడి ఉండదు, ఇంజనే పీల్చుకొనవలెను. శీతకాలమున కుంటపై మంచు పేరుకొనినను క్రిందినుండి నీరు దొరకును. ఖర్చు స్వల్పము, పద్ధతి మంచిది. అయితే దీనిని చదివిన ఉత్సాహములో ఎవరును చెరువు కట్టను త్రవ్వబోవరాదని హెచ్చరించుచున్నాము. కట్టలో వేసిన గొట్టము వెంట నీరు ఊరి, గండి పడు ప్రమాదము కలదు. నిప్పుకు భయపడి ఊరిని నీట ముంచుకొనరాదు గదా! నీటిపారుదల శాఖ ఇంజనీర్ల అనుమతి, పర్యవేక్షణ లేనిదే ఇట్టి పని తలపెట్టకూడదు.

బోరును నమ్ముకొనువారు రెండు విషయములు గమనింపవలెను. నిమిషమునకు 150 లీటర్లిచ్చు బోరుతో 4,500 లీటర్ల ట్యాంకు నిండుటకు అరగంట పట్టును. రెండవది ఇంతకన్న ముఖ్యము. ఇండ్లకు నిప్పంటినపుడు మొదట చేయవలసిన పని కరెంటు తీయించుట. తీగలు తెగి పడుచుండగా నీరు చల్లుట ప్రాణాపాయము. కరెంటు తీసిన వెంటనే ఆ లైనుమీది బోరు మోటార్లన్నియు ఆగిపోవును. మంటకు దగ్గరలోనున్న బోరు సరిగా అవసరమైన సమయముననే మూగదగును.

కరెంటు లేకున్నను నీరిచ్చునది ఎత్తైన ట్యాంకు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకముతో శుద్ధజలము గ్రామ ట్యాంకులకు చేరుచున్నది. 40,000 లీటర్ల ట్యాంకున్న ఊరిలో దాదాపు 9 శకటముల నీరు తలపైననే యున్నదన్నమాట. అనగా జపానువారు కోరిన 40 ఘనమీటర్లు. లోపమెక్కడనగా, ఉదయము నీరు వదలిన తరువాత ట్యాంకు ఖాళీగా నుండుట, క్రిందనున్న సన్నని కుళాయితో బండి నిండుటకు చాల సేపు పట్టుట, గేటువాల్వు తిప్పువాడు పొలమునకు పోయియుండుట. ట్యాంకు పాదమున లావైన గొట్టమునకు వాల్వు పెట్టి, అగ్నిమాపక దళమువారి 63 మిల్లీమీటర్ల గొట్టము బిగియునట్టి మూతిని అమర్చుకొనినచో కొద్ది ఖర్చుతో పని జరుగును. మూతి కొనుటకు ముందు సమీప అగ్నిమాపక కేంద్రపు అధికారికి చూపుట మంచిది. బిగియని మూతి ఉన్నను లేనట్లే. వేసవి మూడు మాసములు ట్యాంకులో నాలుగవ వంతు నీరు ఎల్లపుడును మిగిలియుండునట్లు పంచాయతీవారు ఏర్పాటు చేసికొనవచ్చును. వాల్వు తాళము ఇద్దరివద్దనైనను నుండవలెను.

ఇక నీరు మంటకు దూరముగా నున్నచో ఏమి చేయవలెను? ఇంజనే నీటికొరకు పరుగెత్తుట సరియైన పద్ధతి కాదు. ఇంజను మంటవద్దనే యుండవలెను. నీరే దాని దగ్గరకు రావలెను. 2019లో మొదలైన పల్లెప్రగతి కార్యక్రమమున తెలంగాణ గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూర్చబడినవి. మొక్కలకు నీరు పోయు ఆ ట్యాంకరే ఇక్కడ ఆధారము. చెరువు 2 కిలోమీటర్ల దూరమున నున్నదనుకొందము. ట్రాక్టరు గంటకు 20 కిలోమీటర్ల వేగముతో పోవుటకు 6 నిమిషములు, వచ్చుటకు 6 నిమిషములు. డీజిలు ఇంజనుతో 4,500 లీటర్లు నింపుటకు 10 నిమిషములు, మంటవద్ద ఖాళీ చేయుటకు 8 నిమిషములు. మొత్తము సుమారు అరగంట. ఒక ట్యాంకరుతో నిమిషమునకు సగటున 150 లీటర్లు వచ్చును. మూడు ట్యాంకర్లు తిరిగినచో 450 లీటర్లు, అనగా ఒక గొట్టము ఆగకుండ పనిచేయును. తన ఊరి ట్యాంకరు ఒకటి, ఇరుగుపొరుగు పంచాయతీలవి రెండు. ముగ్గురు సర్పంచులు ముందుగా మాట్లాడుకొనియున్నచో సాధ్యమగు పని ఇది. ట్యాంకరు ఖాళీ యగువరకు వేచియుండనక్కరలేకుండ, ఒక ట్రాలీ తొట్టిలో చిరుగులు లేని మందపు టార్పాలినును పరచి నీరు అందులోనికి వదలినచో, ఇంజను దానినుండి పీల్చుకొనును. ట్యాంకరు వెంటనే వెనుకకు పోవును. బండ్లు ఒకదానికొకటి ఎదురుపడి ఇరుకు వీధిలో చిక్కుకొనకుండ, పోవుటకు ఒక దారి, వచ్చుటకు మరియొక దారి నిర్ణయింపవలెను.

ఇంజను రాకమునుపటి సమయము మాటయేమి? 101కి ఫోను చేయుట మొదటిది. ఆ తరువాత బిందెలు, బకెట్లే దిక్కు. వీనిని చిన్నచూపు చూడరాదు. మనుష్యులు వరుసగా నిలిచి చేతులు మార్చుచు 5 సెకనులకు ఒక బకెట్టు అందించినచో, బకెట్టుకు 10 లీటర్ల చొప్పున నిమిషమునకు 120 లీటర్లు. ఇది ఒక మోస్తరు బోరుకు తీసిపోదు. ఎవరికివారు బిందెతో పరుగెత్తినపుడు ఇందులో సగము కూడ రాదు. ఆ కొద్ది నీటిని ఎక్కడ పోయవలెనన్నది కఠినమైన ప్రశ్న. పూర్తిగా అంటుకొనిన కప్పుపై బకెట్లు పోయుట వృథా. ఇంటిలో మనుష్యులు, పశువులు లేరని తేలిన తరువాత, గాలి వీచు దిక్కున నున్న ప్రక్కయింటి కప్పును తడుపవలెను. తడిసిన గోనెపట్టాలు పరువవలెను. తన ఇల్లు కాలుచుండగా పొరుగింటిపై నీరు పోయుచున్నారని ఆ ఇంటివారు విలపింతురు. ఆ సమయమున నచ్చజెప్పుట ఎవరితరము కాదు; ఊరిలో ముందే అనుకొనియుండవలసిన మాట ఇది. గడ్డివాము విషయములో, పైన నీరు పోసినను లోపలికి దిగదు. వామును కొంకులతో విడదీయుచు తడుపవలెను. లేనిచో లోన రగిలి మరల మండును. నూనె మంటపై నీరు పోయరాదు.

1944 ఏప్రిల్ 14న బొంబాయి ఓడరేవులో ఫోర్ట్ స్టికీన్ అను ఓడ ప్రేలినపుడు అనేకులు అగ్నిమాపక సిబ్బంది ప్రాణములు కోల్పోయిరి. వారి స్మృత్యర్థము ఏటేట ఏప్రిల్ 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవములు జరుగుచున్నవి. చెరువు నీరు దిగిపోవు కాలము కూడ అదే గనుక ఆ వారములో ఒక ఉదయము గ్రామములో ఈ పరీక్ష చేయుటకు అనుకూలము. తూము దగ్గరకు బండిదారి చివరనుండి త్రాడునకు రాయి కట్టి నీటివరకు వదలి కొలువవలెను. 7 మీటర్లు దాటినచో అక్కడ డీజిలు ఇంజను దింపుటకు అరుగు కావలెను. పంచాయతీ ట్యాంకరును అక్కడ నింపి, గడియారము చూచి, ఊరి చివరి వాడవరకు నడిపింపవలెను. పట్టిన నిమిషములను, త్రాడు కొలతను, వాల్వు తాళములున్న ఇద్దరి పేర్లను, డీజిలు ఇంజను గల రైతుల ఫోను నంబర్లను ఒక కాగితముపై వ్రాసి, ఒక ప్రతిని పంచాయతీ కార్యాలయపు గోడకు అంటించి, రెండవ ప్రతిని సమీప అగ్నిమాపక కేంద్రమునకు పంపవలెను. మరుసటి ఏప్రిల్‌లో త్రాడు కొలత మారును. అపుడు మరల వ్రాయవలెను.