హద్దురాయి, పటము, ఉపగ్రహ యంత్రము

మన పల్లెలలో చేనికి హద్దు చెప్పు తీరు తాతల నాటినుండి ఒక్కటే. తూర్పున బండి బాట, పడమట వేపచెట్టు, ఉత్తరమున పెద్ద గుండు, దక్షిణమున వాగు అని దస్తావేజులో వ్రాసి పెద్దమనుష్యులు చేవ్రాలు చేయుచుండిరి. బాటయు, గుండును, వాగును కదలని వస్తువులని అందఱి నమ్మకము. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములందు ఈ నమ్మకము కొలది సంవత్సరములలోనే చెడినది. జవహర్‌నగర్‌ను చూచిన చాలును. ఱాతిగుండ్లతోను తుప్పలతోను ఉండిన నేల ఇండ్ల వరుసలయి, 2019వ సంవత్సరమున నగరపాలక సంస్థ యయ్యెను. గుండ్లు కంకర యయినవి. బండి బాట సిమెంటు రోడ్డయి వంకర తీరినది. వేపచెట్టు లేదు. దస్తావేజు మాత్రము పెట్టెలో భద్రముగా నున్నది. అందు వ్రాసిన గుర్తులు నేలమీద కానరావు.

ఇట్టి సమయమున రైతుకు తోడ్పడగల సాధనములు రెండు కలవు. ఒకటి భూస్వరూప పటము. దీనినే టోపోషీటు అందురు. రెండవది ఉపగ్రహముల సంకేతముచే మన మున్న చోటును తెలుపు జి.పి.యస్. యంత్రము. ఇవి సైనికులకును, కొండలెక్కు యాత్రికులకును తప్ప సేద్యగానికి పనికిరావని కొందఱు తలంతురు. అది పొరపాటు. ఆ పటము నేడు వెల లేకయే లభించుచున్నది. ఆ యంత్రము మన జేబులోని సెల్‌ఫోనులోనే యున్నది. వీని శక్తి తెలియనివాడు ఒక లాభమును పోగొట్టుకొనును. వీని పరిమితి తెలియనివాడు ఒక తగవును కొనితెచ్చుకొనును. కావున ఈ రెండు సంగతులను మన సంఘ సభ్యుల యెదుట పెట్టదలచితిమి.

ముందుగా పటము సంగతి. భారత సర్వే శాఖ 1767లో ఏర్పడినది. 1802వ సంవత్సరము ఏప్రిలు 10వ తేదీన లాంబ్టన్ అను అధికారి చెన్నపట్టణము చెంత ఒక ఆధార రేఖను ఉక్కు గొలుసుతో కొలుచుటకు ఆరంభించి, దానినుండి త్రిభుజములను అల్లుకొనుచు దేశమును కొలుచు పనికి పూనుకొనెను. 1818లో ఎవరెస్టు అను యువకుడు ఆయనకు సహాయుడుగా హైదరాబాదు రాజ్యమునకు వచ్చి, కృష్ణా గోదావరుల నడిమి అడవులలో పనిచేసి జ్వరముల పాలయ్యెను. లాంబ్టన్ 1823లో ఆ పని మీదనే హింగన్‌ఘాటులో మరణించెను. పిమ్మటి కాలమున హిమాలయముల మహోన్నత శిఖరమునకు పెట్టిన పేరు ఈ ఎవరెస్టుదే. నేటికిని సర్వే విద్యను నేర్పు కేంద్ర సంస్థ మన హైదరాబాదులోని ఉప్పల్‌నందే కలదు.

ఆ శాఖవారి పటములలో మనకు అనువైనది 50,000కు 1 వంతు కొలత గలది. అనగా పటముపై 2 సెంటీమీటర్లు నేలపై 1 కిలోమీటరు. ఒక్కొక్క పటము అక్షాంశమున 15 నిమిషములు, రేఖాంశమున 15 నిమిషములు గల నేలను చూపును. పాత వరుసలో శామీర్‌పేట 56 కె/10 అను పటములోనికి వచ్చును. మేడ్చల్ దానికి పడమటనున్న 56 కె/6లో పడును. జవహర్‌నగర్ 10వ పటపు దక్షిణపు టంచున నుండుటచే, అచటివారికి క్రిందనున్న 11వ పటము కూడ కావలసివచ్చును. 2005లో జాతీయ పట విధానము వెలువడిన పిమ్మట ప్రజల కొఱకు వేఱొక వరుస పటములు సిద్ధమయినవి. వానిని 2017 మొదలు సర్వే శాఖవారి అంతర్జాల పుటనుండి ఉచితముగా దించుకొను వీలు కలిగినది.

పటమును చేతబట్టిన రైతు మొదట చూడవలసినవి గోధుమరంగు గీతలు. ఇవి సమోన్నత రేఖలు. ఒక గీత వెంబడి నడచువాడు ఎక్కడు, దిగడు. ఒక గీతకును దాని ప్రక్క గీతకును ఎత్తులో సాధారణముగా 20 మీటర్ల భేద ముండును. గీతలు దగ్గఱగా నున్నచో ఏటవాలు ఎక్కువ. ఎడముగా నున్నచో నేల చదును. గీతలు వాగును దాటునపుడు కొనదేలి వంగును. ఆ కొన నీరు వచ్చు ఎగువ దిక్కును చూపును. ఇట్లు చదివినచో ఏ మిట్టపై పడిన వాన ఏ చెఱువునకు దిగునో వ్రేలితో చూపవచ్చును. పాత పటమును క్రొత్త పటమును ప్రక్కప్రక్కన పఱచినయెడల, ఏ వాగు దారి పూడినదో, ఏ కుంట మాయమైనదో తెలియును. చెఱువు క్రింది ఆయకట్టు రైతులు అధికారుల యెదుట మాటాడునపుడు ఇది గట్టి ఆధారము.

అయినను ఈ పటముపై పొలము హద్దును వెదకరాదు. చతురస్రముగా నున్న ఎకరము ఒక్కొక్క ప్రక్క సుమారు 64 మీటర్లుండును. అది ఈ పటముపై మిల్లీమీటరునకు కొంచెము మించును. మొద్దు పెన్సిలుతో ఒక చుక్క పెట్టినచో సగము ఎకరము ఆ చుక్క క్రిందనే మునుగును. హద్దులకు గ్రామ పటమును, టిప్పనును చూడవలెను. నైజాము కాలపు సర్వేలో 33 అడుగుల గొలుసు వాడిరి. గొలుసునకు 16 ఆనాలు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు గల నేల 1,089 చదరపు అడుగులు, అనగా 121 చదరపు గజములు. అదియే మన గుంట. అట్టివి 40 చేరిన ఒక ఎకరము. టిప్పనులోని అంకెలు ఈ గొలుసులు, ఆనాలు అని ఎఱిగినవానికి ఆ కాగితము చదువుట కష్టము కాదు.

ఇక యంత్రము సంగతి. అమెరికా వారి జి.పి.యస్. ఉపగ్రహములు సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున దినమునకు రెండుమార్లు భూమిని చుట్టుచు, తమ గడియారపు వేళను ఎడతెగక ప్రకటించుచుండును. ఆ సంకేతము మనకు చేరుటకు పట్టిన కాలమును బట్టి దూరము తెలియును. నాలుగు ఉపగ్రహముల సంకేతము లందినచో మన అక్షాంశము, రేఖాంశము, ఎత్తు, వేళ నాలుగును తేలును. సంకేతము సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగమున పోవును గనుక, గడియారములో సెకనునందు పదిలక్షలవ వంతు తప్పు దొర్లినను దూరములో 300 మీటర్ల తప్పు వచ్చును. మన దేశమును 2013 జూలై 1వ తేదీన తన వరుసలో మొదటి ఉపగ్రహమును, 2016 ఏప్రిలులో ఏడవదానిని పంపి, ఆ యేర్పాటునకు నావిక్ అని పేరిడినది. యంత్రము ఈ సంకేతములను వినునే గాని తాను పంపదు. అందుచే పటమును ముందుగా ఫోనులో దించియుంచినవానికి, ఫోను సేవ అందని గుట్టలలోను అది త్రోవ చూపును.

యంత్రము చూపు అంకెలను చదువుట నేర్వవలెను. అక్షాంశములో ఒక నిమిషము నేలపై సుమారు 1,850 మీటర్లు. ఒక సెకను సుమారు 31 మీటర్లు. దశాంశములలో చూపునపుడు నాలుగవ స్థానము 11 మీటర్లకును, ఐదవ స్థానము ఒక మీటరునకు కొంచెము పైకిని సరిపోవును. ఫోను ఏడెనిమిది స్థానములు చూపినను అంత సూక్ష్మముగా కొలిచినదని భ్రమపడరాదు. ఆకాశము తెఱపిగా నున్నచోట మంచి ఫోనునందును 5 మీటర్ల తప్పు సహజము. గుండ్ల ప్రక్కను, చెట్ల క్రిందను, మేడల నడుమను సంకేతము తగిలి మరలి వచ్చుటచే తప్పు ఇంకను పెరుగును.

ఈ 5 మీటర్లు అడవిలో నడచువానికి లెక్క కాదు. రైతుకు ఎంతయో లెక్క చూతము. ఎకరము పొడవు 64 మీటర్ల వెంబడి గట్టు 5 మీటర్లు జరిగినచో 320 చదరపు మీటర్లు, అనగా మూడు గుంటలకు పైగా, చేతులు మాఱును. ఒక గ్రామమున అన్నదమ్ముల బిడ్డ లిద్దఱు ఫోనులు చేతబట్టి ఒకే గట్టుపై నిలిచి, ఒకని ఫోను గట్టునకు తూర్పునను, మఱియొకని ఫోను పడమటను చూపగా, మాటకు మాట పెంచుకొని రాకపోకలు మానిరని వింటిమి. ఆ ఫోనులు రెండును తమకు తెలిసినంతే చెప్పినవి. తెలియనిదానిని వాని నోట పలికించినవారు మనుష్యులే. పాత పటములతో పోల్చునపుడు మఱియొక చిక్కు గలదు. వానిని ఎవరెస్టు లెక్కించిన భూమి ఆకారమును బట్టి గీసిరి, జి.పి.యస్. లెక్క వేఱు. రెంటిని సరిచేయక ఒకదాని అంకెలను రెండవదానిపై పెట్టినచో, మన ప్రాంతమున నూఱు మీటర్లకు పైగా తేడా వచ్చును.

ఈ విద్యను తగవు లేకుండ నేర్చుకొనుటకు చక్కని ఆట ఒకటి కలదు. 2000వ సంవత్సరము మే 1వ తేదీ వఱకు అమెరికా ప్రభుత్వము సామాన్యుల కందు సంకేతమును కావలయుననియే చెఱచుచుండెను. దానిని మానిన వెంటనే, మే 3వ తేదీన, ఆరెగాన్ రాష్ట్రమున డేవ్ అల్మర్ అను నతడు ఒక నల్లని బాల్చీలో కొన్ని వస్తువులును ఒక పుస్తకమును ఉంచి అడవిలో దాచి, ఆ చోటి అంకెలను ప్రకటించెను. మూడు దినములలో ఇద్దఱు దానిని కనుగొనిరి. ఒక వస్తువును తీసికొన్నవాడు మఱియొకటి ఉంచి, పుస్తకమున తన పేరు వ్రాయవలెను, ఇదియే నియమము. జియోకాషింగ్ అను ఈ ఆటలో నేడు ప్రపంచమున లక్షల కొలది పెట్టెలు దాచబడియున్నవి.

ఆడిచూచినవారికి ఒక సంగతి బాగుగా తెలియును. అంకెలు మనిషిని పెట్టెకు పది అడుగుల దూరమునకో, ఇరువది అడుగుల దూరమునకో తెచ్చి విడుచును. అచటినుండి కన్నులే వెదకవలెను. ఏ ఱాయి కదలినదో, ఏ పొద క్రింద నేల మాఱినదో చూడవలెను. హద్దురాయిని వెదకుట కూడ ఇట్టిదే గదా!

కావున కోతలైన పిమ్మట చేలు వట్టిగా నున్నపుడు, సంఘ సభ్యులు తమ పిల్లలచేత ఈ ఆట ఆడించి చూడవలెనని మా కోరిక. పెట్టెను సొంత నేలపై గాని, యజమాని అనుమతితో గాని ఉంచవలెను. త్రవ్వి పూడ్చరాదు, తినుబండారములు పెట్టరాదు. హకీంపేట విమానస్థావరము, దండు భూముల చాయలకు పోరాదు. దిక్కులేని పెట్టె అచట అనుమానమునకు తావిచ్చును. గుండ్ల సందులలో పాములును తేళ్లును ఉండును గనుక చేయి పెట్టక కఱ్ఱతో చూడవలెను. పోవు చోటును ఇంట చెప్పి, త్రాగునీరు వెంట గొనిపోవలెను.

పిల్లలు చేయి తిరిగిన పిమ్మట పెద్దలు అసలు పనికి పూనుకొనవలెను. మిగిలియున్న హద్దురాళ్లు, బావులు, చెఱువు తూములు, మత్తడులు, పొలిమేరలు కలియు చోట్లు, బండి బాటల మలుపులు, వీని యొద్దకు పోయి అంకెలను వ్రాసికొనవలెను. ఒకమారు గాక వేఱువేఱు దినములలో మూడు నాలుగు మార్లు చూచినచో తప్పు ఎంతయో తెలియును. ప్రక్క పొలము రైతును పిలిచి అతని యెదుటనే వ్రాయవలెను. తేదీ, ఛాయాచిత్రము, ఇద్దఱి చేవ్రాళ్లు చేర్చి ఒక ప్రతి సంఘ కార్యాలయమున నుంచవలెను. ఇది హక్కుపత్రము కాదు. కాని ఱాయి మాయమైన నాడు ఎచట త్రవ్వి చూడవలెనో చెప్పగలదు.

గుంటలు, ఆనాలు తేల్చుట సర్వేయరు పని. ఆయన రోవరు యంత్రము స్థిర కేంద్రములనుండి సవరణ పొంది, కొలది సెంటీమీటర్ల తప్పుతో కొలుచును. మన రాష్ట్రమున 2025 ఏప్రిలు 14వ తేదీన అమలునకు వచ్చిన భూభారతి చట్టము సర్వే పటమునకును, భూమికి ప్రత్యేక సంఖ్య నిచ్చుటకును చోటిచ్చినది. సర్వేయరు వచ్చిననాడు హద్దు లెచటనని అడుగును. ఆనాడు వేప చెట్టుండెడిదని ఆకాశము వైపు చూపుట కంటె, పొరుగువాని చేవ్రాలు గల పుస్తకమును చేతికిచ్చుట మేలు. జవహర్‌నగర్‌లో పోయిన గుండ్లు తిరిగి రావు. శామీర్‌పేట చుట్టుపట్ల ఇంకను నిలిచియున్నవాని యొద్దకు మన సభ్యులు ఈ నెలలోనే పోయి వత్తురుగాక.