లోటు ఎక్కడ దాక్కుంటుంది?

పిల్లలూ, మొన్న మీరిద్దరూ అడిగిన ప్రశ్నకు ఇవాళ తీరిగ్గా జవాబు చెబుతాను. "తాతా, తెలంగాణ రాష్ట్రం అప్పు 6,71,757 కోట్లని ఒక పార్టీ అంటోంది. మేం చేసింది 3.17 లక్షల కోట్లేనని ఇంకో పార్టీ అంటోంది. ఎవరిది అబద్ధం?" అనే కదా అడిగారు? కాగితం మీద కూడి చూస్తే రెండు అంకెలూ లెక్కలోంచి పుట్టినవే. దేన్ని కలిపారు, దేన్ని వదిలేశారు అన్నదగ్గరే వచ్చింది తేడా. ఏ కొలతకైనా సైన్సు మొట్టమొదట అడిగేది ఇదే: హద్దు ఎక్కడ పెట్టారు?

ముందు లోటునీ అప్పునీ విడదీసుకుందాం. కాసిపేటలో పుట్టినవాళ్లు, సంపు గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. బొగ్గు బాయిలో రాతి సందుల్లోంచి ఊట నీళ్లు వస్తూనే ఉంటాయి. అవి సంపులోకి చేరతాయి, పంపులు పైకి తోడిపోస్తాయి. ఒక షిఫ్టులో ఊరిన నీళ్లు తోడిన నీళ్లకంటే ఎంత ఎక్కువో అది లోటు. సంపులో నిలిచిన మట్టం అప్పు. కిందటి షిఫ్టు కంటే ఈ షిఫ్టులో ఊట తగ్గినా, తోడేదానికంటే ఊరేది ఎక్కువున్నంతసేపూ మట్టం పైకే వస్తుంది. అందుకే "లోటు తగ్గించాం" అని మంత్రి, "అప్పు పెంచారు" అని ప్రతిపక్షం ఒకే రోజు అసెంబ్లీలో గొడవపడితే ఇద్దరి మాటా నిజమే కావచ్చు.

లోటులోనూ రెండు ముఖ్యమైన రకాలున్నాయి. జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సబ్సిడీల్లాంటి రోజువారీ ఖర్చు రోజువారీ రాబడిని దాటితే అది రెవెన్యూ లోటు. అప్పులు పక్కన పెట్టి మిగతా రాబడంతా కూడినా మొత్తం ఖర్చుకు చాలకపోతే ఆ తక్కువే ద్రవ్యలోటు. 2025 మార్చిలో ఆర్థిక మంత్రి భట్టి విక్రమార్క పెట్టిన 2025-26 బడ్జెట్ 3,04,965 కోట్లు, అందులో ద్రవ్యలోటు అంచనా 54,009 కోట్లు. రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో అది 3 శాతం చుట్టూ ఉంటుంది. ఎఫ్‌ఆర్‌బీఎం (ద్రవ్య బాధ్యత) చట్టాలు రాష్ట్రాలకు గీసిన గీత కూడా దాదాపు అదే.

3 శాతం లోటు ఎక్కువా, తక్కువా అంటే ఒక్క ముక్కలో చెప్పలేం. పలక తీసుకోండి. ఉత్పత్తి 100, అప్పు 33 అని రాయండి. ఏడాదికి ఉత్పత్తి పది శాతం పెరిగి 110 అయింది. లోటు అందులో 3 శాతం, అంటే 3.30. అప్పు 36.30కి చేరింది. 110లో 36.30 ఎంత? మళ్లీ 33 శాతమే! ఏటా అప్పు చేస్తున్నా భారం పెరగలేదు. ఇప్పుడు ఎదుగుదల 5 శాతమే అనుకోండి. అదే 3 శాతం లోటుతో అప్పు 63 శాతానికి వెళ్లేదాకా ఆగదు. లోటు మారలేదు, ఎదుగుదల మారింది, భారం రెట్టింపు కావచ్చింది. అప్పు తెచ్చిన డబ్బుతో ఏం చేశారన్న ప్రశ్నకు అంత బరువు అందుకే. టీవీ చర్చల్లో ఇది వినబడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక గొడవ దగ్గరికి వద్దాం. 2023 డిసెంబరు 20న కొత్త ప్రభుత్వం అసెంబ్లీలో శ్వేతపత్రం పెట్టింది. నాలుగు రోజులకు, అంతకుముందు దాకా అధికారంలో ఉన్న పార్టీ నేత కేటీఆర్ తెలంగాణ భవన్‌లో 'స్వేదపత్రం' విడుదల చేశారు. శ్వేతపత్రంలోని పెద్ద అంకె నాలుగు ముక్కల మొత్తం. బడ్జెట్ లెక్కలోకి వచ్చే అప్పు 3,89,673 కోట్లు. కార్పొరేషన్ల పేరున తెచ్చినా సర్కారే తీర్చాల్సింది 1,27,208 కోట్లు. సర్కారు హామీ ఇచ్చినా ఆ సంస్థలే తీర్చుకునేది 95,462 కోట్లు. హామీ కూడా లేనిది 59,414 కోట్లు. మరి 3.17 లక్షల కోట్లెక్కడివి? మొదటి ముక్కలోంచి రాష్ట్రం వచ్చినప్పుడున్న 72,658 కోట్లు తీసేయండి, దగ్గరదగ్గర అంతే మిగులుతుంది. ఒకరు హద్దును బాగా బయటికి జరిపారు, ఇంకొకరు బాగా లోపలికి లాగారు.

నన్నడిగితే మొదటి రెండూ కలపడమే న్యాయం: 5,16,881 కోట్లు. పేరు ఎవరిదైనా, వాయిదా సర్కారు ఖజానాలోంచి కడుతున్నప్పుడు అది జనం అప్పే. సొంత రాబడితో తీర్చుకునే సంస్థ అప్పును అదే గాటన కట్టకూడదు. 2022లో కేంద్రం కూడా, బడ్జెట్లోంచి తీర్చే కార్పొరేషన్ అప్పుల్ని రాష్ట్రాల పరిమితిలోనే లెక్కిస్తామంది. ఆ పరిమితికి ఆధారం రాజ్యాంగం 293(3): దాని ప్రకారం, కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పుకు కేంద్రం అనుమతి తీసుకోవాలి. కేంద్రం పెట్టిన ఆ కొత్త లెక్క కక్షసాధింపని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం గట్టిగా అభ్యంతరం చెప్పింది.

హద్దు జరిపితే ఏమవుతుందో సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇంకా ముందే చూపించింది. 2016-17లో 1,386 కోట్లు రెవెన్యూ మిగులని రాష్ట్రం చూపితే, పద్దులు సరిచేస్తే అది 5,392 కోట్ల లోటని కాగ్ తేల్చింది. ఏడాది అదే, ఖజానా అదే.

మనింట్లోనూ ఈ తగువు జరిగింది, గుర్తుందా? 2024 దసరా ముందు బొగ్గు కంపెనీ సింగరేణి లాభాల్లో కార్మికులకు 33 శాతం వాటా అన్నారు, 796 కోట్లు. 2023-24 లాభం 4,701 కోట్లు. అందులో 2,289 కోట్లు విస్తరణకు పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్ల మీద కట్టిన లెక్క అది. మొత్తం లాభం మీద కడితే 16.9 శాతమే వస్తుంది. సర్కారు ఒక శాతం చెప్పింది, ప్రతిపక్షం ఇంకోటి చెప్పింది. మీ నాన్న చేతికొచ్చిన రూపాయలు మాత్రం ఏ లెక్కలోనైనా అవే.

నాకు అసలు కలవరం కలిగించేది ఇంకొకటుంది. సింగరేణి బొగ్గు, కరెంటు తయారుచేసే జెన్‌కోకు పోతుంది, కరెంటు పంపిణీ సంస్థలైన డిస్కంలకు పోతుంది. మన జిల్లాలోనే జైపూర్‌లో 1,200 మెగావాట్ల ప్లాంటు పెట్టి సింగరేణి సొంతంగానూ డిస్కంలకు కరెంటు అమ్ముతోంది. 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు. రైతుకు అది కావాల్సిందే, నేను కాదనను. అయితే దాని ఖరీదు సర్కారు సబ్సిడీగా డిస్కంలకు కట్టాలి. అది చాలకపోతే, ఆలస్యమైతే, డిస్కం జెన్‌కో బిల్లు ఆపుతుంది, జెన్‌కో సింగరేణి బిల్లు ఆపుతుంది. సర్కారు పుస్తకంలో ఖర్చు తక్కువగా కనబడి లోటు తగ్గుతుంది. ఆ తగ్గినంతా మన కంపెనీ పద్దులో 'రావాల్సిన బకాయి'గా పేరుకుంటుంది. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. కొన్నవాడూ, యజమానీ ఒకరే అయినప్పుడు బాకీ గట్టిగా అడిగేదెవరు? 1990లలో ఈ కంపెనీ నష్టాల్లో మునిగి రెండుసార్లు ఖాయిలా పరిశ్రమల బోర్డు బీఐఎఫ్‌ఆర్ గడప తొక్కింది. ఆ రోజుల్ని చూసినవాడిని కాబట్టి, బకాయిల మాట వచ్చినప్పుడల్లా నాకు భయమేస్తుంది.

కాబట్టి ఈసారి బడ్జెట్ రోజున లోటు అంకె ఒక్కటే రాసుకుని రాకండి. ఆ ఏడాదిలో సింగరేణికి రావాల్సిన బకాయి ఎంత పెరిగిందో, అందులో సబ్సిడీ అందక నిలిచిందెంతో కూడా వెతికి పట్టుకురండి. మొత్తం బకాయి వద్దు, పెరిగినంతే. లోటుకు మట్టాన్ని కలపకూడదు, ఊటనే కలపాలి. కూడాక వచ్చే అంకె గురించి ఆ సాయంత్రం మాట్లాడుకుందాం.