శుభలేఖల పెట్టెలో ఫ్లాపీలు

కోరుట్ల బజారులో పెండ్లిపత్రికలు అచ్చువేసే చిన్న దుకాణమొకటి ఉన్నది. మొన్నటి ఎండకాలములో ఆ దుకాణదారు అటకమీదినుండి ఒక అట్టపెట్టెను దించి నా ముందుంచినాడు. మూతమీద బంగారు రంగు వినాయకుడు, అంచులకు పసుపు గీతలు. నూరు శుభలేఖలు పట్టే పెట్టె అది. తెరచి చూడగా లోపల శుభలేఖ ఒక్కటి కూడ లేదు. పాత దినపత్రిక ముక్కలలో చుట్టి, పురికొసతో కట్టిన ఫ్లాపీలు పదకొండు ఉన్నవి.

"సారూ, పెట్టె మంచిగనే ఉన్నది గని, ఇండ్ల ఉన్నది చదివే మిషినే లేదు" అన్నాడతడు.

ఆ ఫ్లాపీలతో నాకు పని ఉన్నది. 1998లో జగిత్యాల సమీపమున నేను తెలుగు పండితుడుగా ఉన్న పాఠశాలలో పిల్లలు తమ అమ్మమ్మల, నాయనమ్మల నోట విన్న బతుకమ్మ పాటలను నోటుపుస్తకములలో వ్రాసికొని వచ్చినారు. పుస్తకముగా వేయవలెనని ఈ దుకాణములోనే అక్షరముల కూర్పు చేయించినాము. కాగితమునకు డబ్బు చాలక అచ్చు ఆగిపోయినది. నోటుపుస్తకములను చెదలు తిన్నవి. పాటలు చెప్పిన ముసలమ్మలలో చాలమంది ఇప్పుడు లేరు. మిగిలినది ఈ పెట్టె.

నేటి విద్యార్థులలో ఫ్లాపీని కంటితో చూచినవారు అరుదు. కంప్యూటరు తెరమీద వ్రాసినదానిని దాచుటకు నొక్కే చిన్న చదరపు గుర్తు దాని బొమ్మయే. ఆ వస్తువు చరిత్ర అంతయు తొడుగుల చరిత్ర అని చెప్పవచ్చును. లోపలి అసలు సరుకు పలుచని ప్లాస్టిక్ బిళ్ల. దానిమీద ఇనుపతుప్పు జాతికి చెందిన అయస్కాంత పదార్థపు పూత. ఐ.బి.ఎం. సంస్థవారు మొదట ఆ బిళ్లను తొడుగు లేకుండ వాడిచూచినారు. ధూళి పడి వ్రాత చెడిపోవుచుండెను. అందుచేత దానిని ప్లాస్టిక్ సంచిలో శాశ్వతముగ మూసి, సంచి లోపలివైపున మెత్తని గుడ్డవంటి పొరను అమర్చినారు. బిళ్ల తిరిగినప్పుడెల్ల ఆ పొర దాని ధూళిని తుడుచుచుండును. ఇంటికి గోడలే చీపురు పట్టినట్లు! 1971లో వెలువడిన ఆ మొదటి ఫ్లాపీ వెడల్పు 8 అంగుళములు. 1976లో ఐదుంబావు అంగుళములది వచ్చినది. వ్రాతను చదివే సాధనము తాకుటకై దానిలో విడిచిన సందు ఎప్పుడును తెరచియే ఉండును. వ్రేలు తగిలిన జిడ్డు అంటును. కనుక దానికి పైన మరియొక కవరు కావలసివచ్చినది. 1981లో సోనీవారు తెచ్చిన మూడున్నర అంగుళముల జాతి స్థిరపడిన పిమ్మట ఆ చిక్కు తీరినది. గట్టి డొల్ల, సందుమీద తనంతట మూసికొనే రేకు తలుపు, అరచేతిలో ఇమిడే కొలత. అంతలోనే సుమారు 14 లక్షల అక్షరసంకేతములు పట్టును.

ఈ తొడుగులున్న వస్తువునకు మరల పెట్టెలు. పదేసి ఫ్లాపీల అట్టపెట్టెలు కొన్నప్పుడే వచ్చెడివి. కార్యాలయములలో పొగరంగు మూతతో, తాళముతో కూడిన ప్లాస్టిక్ పెట్టెలుండెడివి. ఆ తాళమును చూచినప్పుడెల్ల నాకు నవ్వు వచ్చెడిది. పెట్టెనే చంకన పెట్టుకొని పోయేవానికి తాళమేమి అడ్డు? మన పట్టణములలో అటువంటివాటికి ఖర్చుపెట్టినవారు తక్కువ. బిస్కట్ల డబ్బా, మిఠాయి పెట్టె, పాత డైరీ, చేతిరుమాలు, ఏది దొరికిన అది ఫ్లాపీకి ఇల్లయినది. ఒక గుమాస్తా ఫ్లాపీని దస్త్రములో భద్రముగ ఉంచదలచి పిన్ను కొట్టినాడట. ఈ కథను ప్రతి ఊరిలోను తమ ఊరిలో జరిగినట్లే చెప్పుకొందురు.

వెనుకటి పండితుల ఇండ్లలో తాళపత్రముల కట్టను చూచినవారికి ఇదంతయు కొత్తగా తోచదు. గంటముతో వ్రాసిన ఆకులకు రంధ్రములు చేసి, త్రాడు గ్రుచ్చి, పైన ఒక చెక్కపలక, క్రింద ఒక పలక ఉంచి బిగించి, గుడ్డలో మూటకట్టెడివారు. వంటయింటి పొగ తగిలేచోట వ్రేలాడదీసినచో పురుగు పట్టదు. గ్రంథము చివర లేఖకుడు నూనెనుండి, నీటినుండి, సడలిన కట్టునుండి దీనిని కాపాడుడని వేడుకొనుట ఆచారము. అయినను ఆకు కొన్ని తరములకంటె నిలువదని వారికి తెలియును. కట్ట శిథిలమగుటకు ముందే మరియొకడు కూర్చుండి కొత్త ఆకులమీద ప్రతి వ్రాసెడివాడు. మేము మూట కట్టినాము గాని ప్రతి వ్రాయలేదు.

నిజమునకు ఒక ప్రతి చేయించితిని. హైదరాబాదునుండి తాళమున్న ప్లాస్టిక్ పెట్టెను కొని తెచ్చి, రెండవ జతను అందులో పెట్టి, ఇంటి గోడ అలమారలో దాచినాను. తాళపుచెవి ఎప్పుడో పోయినది. ఈ ఏడు మూత విరుగగొట్టి చూడగా రేకు తలుపుల వెనుక బిళ్లలమీద తెల్లని బూజు కనబడినది. వానకాలములో చెమ్మ పీల్చే గోడలో గాలి చొరని పెట్టెను ఉంచుట నా తెలివితక్కువతనము. అటకమీది అట్టపెట్టెకు గాలి ఆడినది. చెమ్మను దినపత్రిక పీల్చినది.

చదివే యంత్రమునకై సిరిసిల్ల వెళ్లినాను. అక్కడ బుటాల కుట్టుపనికి డిజైన్లు చేసే పరిచయస్థునివద్ద పాత ఫ్లాపీ యంత్రమున్నదని విన్నాను. అతని ఇంటి గోడకు జకార్డు మగ్గపు అట్టలు దండవలె వ్రేలాడుచున్నవి. రంధ్రమున్నచోట పోగు లేచును, లేనిచోట లేవదు. బట్టమీది పువ్వంతయు ఆ రంధ్రములలోనే ఉన్నది. ఫ్రాన్సులో జోసెఫ్ మరీ జకార్డ్ 1804లో రూపొందించిన పద్ధతి ఇది. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలకు హొలరిత్ రంధ్రముల కార్డులను వాడినాడు. అవియే పిమ్మట కంప్యూటరుకు ఆహారమైనవి. 1973లో ఐ.బి.ఎం. వారి ఒక్క ఫ్లాపీ సుమారు 3 వేల కార్డుల పని చేయసాగినది. అనగా మా పిల్లల పాటలున్న బిళ్ల ఈ గోడమీది అట్టలకు దూరపు మనుమరాలు.

సిరిసిల్ల అనగానే పెట్టెల మాటలో నల్ల పరంధాములుగారిని తలచక పోరాదు. అగ్గిపెట్టెలో ఇమిడే చీరను నేసిన నేతగాడు ఆయన. ఆ విద్యను కుమారుడు విజయ్ కొనసాగించినారు. అక్కడ అగ్గిపెట్టె చీరను కాపాడుటకు కాదు, పోగు సన్నదనమునకు సాక్ష్యము చెప్పుటకు ఉన్నది.

పదకొండింటిలో ఏడు తెరచుకొన్నవి. తెరమీద మాత్రము తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరములు, గీతలు, ప్రశ్నార్థకములు. తెలుగు 1991లోనే యూనికోడ్‌లో చేరినను, ఆనాటి అచ్చుకూర్పు దుకాణములు ఎవరి ఖతి వారిదిగా పనిచేసినవి. ఒకరి ఖతిలో 'అ' ఉన్నచోట మరొకరి ఖతిలో ఇంకొకటి. ఖతి పేరును పెట్టెమీద ఎవరును వ్రాయలేదు. జపాను దుకాణములలోనే సోనీ ఫ్లాపీల అమ్మకము 2011లో నిలిచిపోయినది. యంత్రము దొరకుట నా అదృష్టము, ఖతి పేరు మరచుట మా అపరాధము.

ఆ ఏడింటిని పెన్‌డ్రైవులోనికి ఎక్కించుకొని కోరుట్లకు తిరిగి వచ్చినాను. దుకాణదారు తనవద్దనున్న పాత ఖతులను ఒక్కొక్కటే వేసి చూచినాడు. మూడవ ఖతికి తెరమీద "ఉయ్యాలో" అను మాట నిలిచినది. ఇద్దరమును కొంతసేపు మాటలాడలేదు. నలుబది రెండు పాటలు దొరకినవి. తక్కిన నాలుగు ఫ్లాపీలలో ఎన్ని ఉన్నవో లెక్క తెలిసిన నోటుపుస్తకము లేదు.

అతడు ఫ్లాపీలను మరల పత్రికలో చుట్టి, శుభలేఖల పెట్టెలో పెట్టి, పురికొస బిగించినాడు. పిమ్మట బాల్‌పెన్నుతో వినాయకుని బొమ్మ క్రింద ఆ ఖతి పేరును, తేదీని వ్రాసినాడు.

"ఆ నాల్గింటిని ఇంకో మిషిన్ల పెట్టి చూద్దాం సారూ, పారెయ్యొద్దు" అని పెట్టెను అటకమీదికి ఎక్కించినాడు.